వీపు వెనక ఇంజను, జేబుకి చిల్లు

అమెరికాలో మనవాళ్ళు కార్లు కొనడానికి ఒక శాస్త్రం ఉంది. దిగిన కొత్తల్లో రూమ్మేటు కారులో వెనక సీటు. ఉద్యోగం రాగానే వాడిన కరోలా, లేదంటే సివిక్. పెళ్ళయితే కామ్రీ. పిల్లలు పుడితే ఒడిస్సీ. మధ్యలో బోనస్ గట్టిగా వచ్చినవాడు టెస్లా. ఈ శాస్త్రంలో తప్పేమీ లేదు, నా దగ్గరా కరోలా ఉంది. కాకపోతే దాని పక్కనే 2003 మోడల్ పోర్షే బాక్స్‌స్టర్ కూడా ఉంది. అది చూసిన ప్రతివాడూ రెండే ప్రశ్నలు వేస్తాడు. ఒకటి, "ఎంత పడింది?" రెండు, "పాత బండి కదా, నమ్మొచ్చా?"

రెండేళ్ళు, పదకొండు వేల మైళ్ళు అయ్యాక నాకర్థమైందేమంటే, ఈ రెండు ప్రశ్నలూ సరైనవి కావు. సరైన ప్రశ్నలేవో చెబుదామనే ఈ సోదంతా. బిల్లులన్నీ దాచుకున్నాను కాబట్టి ఉత్త కబుర్లు కాకుండా లెక్కలతో సహా చెబుతాను.

ముందు అసలు ఇంజను మధ్యలో ఎందుకు అన్న సంగతి. కావిడి మోసేవాణ్ణి చూసే ఉంటారు. రెండు చివర్లా రెండు బిందెలు వేలాడుతుంటే మనిషి గబుక్కున పక్కకి తిరగలేడు. అదే బరువుని ఒంటికి దగ్గరగా కట్టుకుంటే చటుక్కున తిరుగుతాడు. మామూలు కార్లలో ఇంజను ముందు చివర ఉంటుంది. బాక్స్‌స్టర్‌లో సీట్ల వెనక, వెనక చక్రాల ఇరుసుకి ముందు ఉంటుంది. బరువంతా నడుము దగ్గరే కాబట్టి మలుపులో స్టీరింగు తిప్పగానే కారు తిరుగుతుంది, ఆలోచించుకోదు. పైగా ఆరు సిలిండర్లూ అటు మూడు ఇటు మూడు పడుకుని ఉంటాయి. దాంతో బరువు కిందకే ఉంటుంది. ఆ రకం ఇంజనుని బాక్సర్ అంటారు, దానికి రోడ్‌స్టర్ తగిలిస్తే బాక్స్‌స్టర్.

కంపెనీ చరిత్రలో కూడా ఈ కారుది చిన్న పాత్రేం కాదు. 1990ల మొదట్లో పోర్షే ఆర్థికంగా బాగా దెబ్బతిని ఉంది. 1993లో డెట్రాయిట్ ఆటో షోలో దీని నమూనా చూపించారు, 1996లో అమ్మకానికి తెచ్చారు. ఖర్చు తగ్గించుకోవడానికి తర్వాతొచ్చిన 911తో ముందు భాగాన్నీ, దీపాల్నీ పంచుకునేలా చేశారు. అప్పటిదాకా 911లలో గాలితో చల్లబడే ఇంజన్లుండేవి. వాటి స్థానంలో నీటితో చల్లబడే కొత్త ఇంజను వచ్చింది దీంతోనే. అంటే మన భాషలో చెప్పాలంటే పాత కోడ్ మొత్తం పక్కన పెట్టి, కొత్త ప్లాట్‌ఫారం మీద, తక్కువ బడ్జెట్లో, గడువులోపల తిరగరాశారన్నమాట. అలాంటి మొదటి రిలీజు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు :)

ఆ మొదటి రిలీజులో బాగా పేరుపడ్డ బగ్ ఒకటుంది. ఇంజను లోపల మధ్యలో ఒక షాఫ్ట్ తిరుగుతుంటుంది, ఇంటర్మీడియట్ షాఫ్ట్, అందరూ ఐఎమ్ఎస్ అంటారు. క్రాంక్ నుంచి శక్తి తీసుకుని చెయిన్ల ద్వారా క్యామ్‌షాఫ్టులకి అందించడం దాని పని. దానికి గేరుబాక్సు వైపు చివర, పిడికిట్లో ఇమిడేంత బాల్ బేరింగ్ ఒకటి ఉంటుంది. లోపల గ్రీజు పెట్టి మూత బిగించి పంపారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఇంజన్ ఆయిలు ఆ మూత సందుల్లోంచి దూరి గ్రీజుని కడిగేస్తుంది. లోపలికి దూరిన ఆయిలు అక్కడే నిలవుండిపోతుంది, కొత్త ఆయిలు సరిగా అందదు. గోళీలు అరుగుతాయి, షాఫ్ట్ ఊగుతుంది, చెయిన్ల టైమింగు తప్పుతుంది, పిస్టన్లు వెళ్ళి వాల్వుల్ని గుద్దుతాయి. ఆ తర్వాత మిగిలేది ఇంజను కాదు, తుక్కు.

దీని మీద అమెరికాలో కొనుగోలుదార్లంతా కలిసి కోర్టుకి కూడా వెళ్ళారు. 2001 మే నుంచి 2005 ఫిబ్రవరి మధ్య తయారైన కార్ల విషయంలో 2013లో రాజీ కుదిరింది. ఒంటి వరస గోళీల బేరింగు ఉన్న కార్లలో 4 నుంచి 10 శాతం పాడయ్యాయని, అంతకు ముందొచ్చిన రెండు వరసల బేరింగులో అది 1 శాతం లోపేనని ఆ కేసులో వచ్చిన లెక్క. తర్వాతి మోడళ్ళలో పెద్ద బేరింగు పెట్టారు, 2009 మోడల్ నుంచి అసలు ఆ షాఫ్టే లేని కొత్త ఇంజను పెట్టారు. నా 2003ది ఒంటి వరస. రాజీలో చెప్పిన గడువులు ఎప్పుడో దాటిపోయాయి కాబట్టి, ఏదైనా అయితే నా తలకాయే.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. బేరింగు ఖరీదు పెద్దది కాదు. దాని దగ్గరికి చేరడానికే ఖర్చు. దాన్ని ముట్టుకోవాలంటే కారుని పైకెత్తి, గేరుబాక్సు దించి, క్లచ్, ఫ్లైవీల్ తీస్తే అప్పుడు కనబడుతుంది. మధ్యలో ఇంజనున్న కార్లన్నిటి ఖర్చు రహస్యం ఇదే. బాక్స్‌స్టర్‌లో ముందు డిక్కీ ఉంది, వెనక డిక్కీ ఉంది, ఏది తెరిచినా ఇంజను మాత్రం కనబడదు! ఆయిలు, కూలెంటు పోసుకోవడానికి వెనక డిక్కీలో రెండు మూతలుంటాయి, అంతే. ఇంజన్ని పైనుంచి చూడాలంటే టాపు సగం లేపి, కార్పెట్ తీసి, రేకు విప్పాలి. ఎక్కువ పనులు కిందనుంచే. ఇది ఒక్క పోర్షే సంగతే కాదు, 1990ల ఫెరారీ ఎఫ్355లో టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజన్ని మొత్తం కిందకి దించాల్సిందే. సామాను ధర చూసి "ఓస్ ఇంతేనా" అనుకుంటే పప్పులో కాలేసినట్టే, చూడాల్సింది కూలి గంటలు. డల్లాస్ దగ్గర మా వైపు ఈ కార్లు తెలిసిన ప్రైవేటు మెకానిక్ గంటకి 160 డాలర్లు తీసుకుంటాడు.

సరే, కొనేటప్పటి కథ. 2023 మొదట్లో నాకు రెండు కార్లు దొరికాయి. మొదటిది 2001 బాక్స్‌స్టర్ ఎస్, 3.2 లీటర్ల ఇంజను, 250 గుర్రాలు, 9,800 డాలర్లు. నల్లగా నిగనిగలాడుతోంది. ఆయిల్ ఎప్పుడు మార్చారంటే అమ్మేవాడు నవ్వాడు. రెండోది 2003 మామూలు బాక్స్‌స్టర్, 2.7 లీటర్లు, 225 గుర్రాలు, 78 వేల మైళ్ళు, బంపరు మీద రాళ్ళు కొట్టిన మచ్చలు. 13,500 చెప్పాడు. దాంతోపాటు లావుపాటి ఫైలు ఒకటి ఇచ్చాడు, మొదటి రోజు నుంచి ప్రతి బిల్లూ అందులో ఉంది. క్లచ్ మాత్రం మార్చలేదు, కాబట్టి బేరింగు కూడా పాతదే.

నా మనసు నల్లదాని మీదే ఉందని వేరే చెప్పాలా. అప్పుడు నాన్నకి ఫోన్ చేశాను. మా నాన్న తెనాలి డిపోలో ఆర్టీసీ మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. పోర్షేని ఆయన టీవీలో తప్ప చూళ్ళేదు. రెండు కార్ల వివరాలూ విని, గుర్రాల సంగతి అసలు అడగలేదు.

"దేనికి లాగ్ ఉందిరా?"

"రెండోదానికి నాన్నా. కానీ అది నాలుగు వేలు ఎక్కువ, పైగా ఇంజను చిన్నది."

"ఒరేయ్, మేం బస్సుని చూసేవాళ్ళం కాదు, ముందు కాయితం చూసేవాళ్ళం. ఏ కిలోమీటరుకి ఏం చేశారో రాసుంటే బండి ఎట్టా ఉందో చూడకుండానే చెప్పొచ్చు. రాయలేదంటే చెయ్యలేదనే లెక్క."

అమ్మ ఫోన్ లాక్కుని, "రెండు సీట్లేనంటగా? రేపు పెళ్ళయ్యాక పిల్లల్ని డిక్కీలో కూర్చోబెడతావా?" అంది. దానికింకా నా దగ్గర సమాధానం లేదు :)

రెండు కార్లనీ మెకానిక్‌కి చూపించాను, తనిఖీకి ఒక్కోదానికి 350 డాలర్లు. ఆయిల్ ఫిల్టరుని కోసి, మడతలు విప్పి మెరిసే పొడి ఏమన్నా ఉందా అని వెతికాడు. పొడి అయస్కాంతానికి అంటుకుంటే ఉక్కు, అంటే బేరింగు మీద అనుమానం పెట్టుకోవచ్చు. రెండిట్లోనూ ఏమీ దొరకలేదు. కానీ నల్లదానికి టాపు గుడ్డ, ప్లాస్టిక్ వెనక కిటికీ (2003కి ముందు వాటికి అద్దం ఉండేది కాదు), నాలుగు టైర్లు, ముందు సస్పెన్షన్ చేతులు, అన్నీ కలిపి 5,200 డాలర్ల పని రాసిచ్చాడు. రెండోదానికి ఆ పనులన్నీ పాత ఓనరు చేయించేశాడు. బేరమాడితే 12,500కి వచ్చింది.

బేరింగు విషయంలో మాత్రం నాకూ నాన్నకీ కాస్త వాదన నడిచింది. నేను ఇంజనీర్నాయె, లెక్క వేశాను. ఇంజను పోతే మరోటి వేయించడానికి కనీసం 12,000 డాలర్లు. 4 శాతం చొప్పున 480, 10 శాతం చొప్పున 1,200. అంటే సగటున నా నష్టం 1,200 దాటదు. క్లచ్‌తో కలిపి బేరింగు మార్పించడానికి 3,400. పైగా ఇరవయ్యేళ్ళు బతికిన కారంటే పోవాల్సినవి ముందే పోయి ఇది మిగిలిందనుకోవచ్చు. మార్చకపోవడమే లాభం కదా?

నాన్న రెండు ముక్కల్లో తేల్చేశాడు. "మా డిపోలో బళ్ళు బోలెడు. సగటు లెక్క మాకు పనికొస్తుంది, ఒకటి ఆగితే ఇంకోటి పంపుతాం. నీకున్నది ఒకటి. నీకు సగం ఇంజను పోదురా, పోతే మొత్తం పోద్ది."

ప్రాబబిలిటీ పుస్తకాలు నాలుగు చదివినా ఇంత సూటిగా ఎవడూ చెప్పలేదు. సగటు తక్కువ అన్నంత మాత్రాన భరించగలమని కాదు. వందలో ఆరుగురికి పన్నెండేసి వేలు నష్టం వచ్చి, తొంభై నలుగురికి ఏమీ రాకపోతే, సగటున మనిషికి 720 అని రాస్తాం. కానీ ఆ 720 డాలర్ల బిల్లు ఎవడికీ రాదు. వస్తే పన్నెండు వేలు వస్తుంది, లేదా సున్నా. ఇంకో సంగతి, క్లచ్ ఎలాగూ అరగడానికి దగ్గరగా ఉంది. గేరుబాక్సు దించే కూలి ఒకసారి ఎలాగూ కట్టాలి. అప్పుడు బేరింగుకి అదనంగా పడేది 900 చిల్లర మాత్రమే. లెక్క 3,400తో కాదు, 900తో పోల్చాలి. మార్పించేశాను.

ఇదంతా జరుగుతున్నప్పుడు ఆఫీసులో పరిస్థితి వేరేగా ఉంది. ఆ ఏడాది మొదట్లోనే మా టీములో ముగ్గురిని ఒకే మంగళవారం పంపించేశారు. హెచ్1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజులే గడువు, ఆలోపు ఇంకోటి వెతుక్కోవాలి, లేదా వేరే దారి చూసుకోవాలి, లేదా సర్దుకోవాలి. ఆ అరవై రోజుల్లో పాత స్పోర్ట్స్ కారు అమ్మకానికి పెడితే ఏమవుతుంది? కరోలాని వారంలో అమ్మొచ్చు. దీనికి సరైన కొనుగోలుదారు దొరకాలంటే నెలలు పట్టొచ్చు, తొందరపడితే అయినకాడికి ఇచ్చేయాలి. పోనీ ఓడెక్కించి ఇంటికి తీసుకుపోదామంటే, తయారై మూడేళ్ళు దాటిన వాడిన కారుని, అందులోనూ ఎడమచేతి స్టీరింగుదాన్ని, మనదేశంలోకి రానివ్వరు. కాబట్టి ఈ కారుని నా ఆస్తుల జాబితాలో సున్నా విలువకి రాసుకున్నాను. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉంది, దాని జోలికి వెళ్ళను. కారుకోసం వేరే ఖాతాలో 6,000 పెట్టాను. అది ఖాళీ అయిన రోజున కారు అమ్మేస్తానని నాన్నకి మాటిచ్చాను.

ఇక అసలైన లెక్క, 2023 ఏప్రిల్ నుంచి 2025 ఏప్రిల్ దాకా:

కారు 12,500. టెక్సస్ పన్ను 6.25 శాతం, 781. తనిఖీ 350 (నల్లదానికి కట్టిన 350 చదువు ఖర్చు కింద రాసుకున్నా, ఇందులో కలపలేదు). క్లచ్, బేరింగు, క్రాంక్ వెనక సీలు 3,400. వాటర్ పంపు, థర్మోస్టాట్, కూలెంటు ట్యాంకు ముందుజాగ్రత్తగా మార్పించినవి 1,650. ఇరవయ్యేళ్ళ ప్లాస్టిక్ ట్యాంకు చిట్లేదాకా ఆగడం దేనికని.

ఇక్కడిదాకా 18,681. నా దృష్టిలో ఇదే కారు అసలు ధర, 12,500 కాదు. నల్లదానికీ ఇదే పద్ధతిలో లెక్క వేస్తే, పన్నుతో, తనిఖీతో, ఇవే పనులతో, మెకానిక్ రాసిచ్చిన 5,200తో కలిపి 21,000 దాటుతుంది. చవక కారు రెండు వేల మూడొందలు ఎక్కువన్నమాట, అదీ తెలిసిన పనులకే. లాగ్ లేని కారులో తెలియని పనులు ఎన్నో దేవుడికెరుక.

ఆ తర్వాత రెండేళ్ళలో నడిపిన ఖర్చు: వెనక టైర్లు రెండు 480. వెనకవి ముందువాటికన్నా వెడల్పు కాబట్టి అటూ ఇటూ మార్చుకునే వీల్లేదు, వెనకవి తొందరగా అరుగుతాయి. ఆయిలు మూడుసార్లు నేనే మార్చుకున్నాను, 330. కరోలా కన్నా రెట్టింపు తాగుతుంది, ఎనిమిది లీటర్ల పైమాటే. బ్యాటరీ 190. ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్స్ 520. కరోలా మీద అదనంగా పడిన ఇన్సూరెన్స్ 900. మొత్తం 2,420, అంటే నెలకి సుమారు 100 డాలర్లు. పెట్రోలు ప్రీమియందే పోయాలి, అది వేరే.

చూశారుగా, పాత స్పోర్ట్స్ కారు నెలనెలా పీల్చి పిప్పి చేస్తుందన్నది నా అనుభవంలో పూర్తిగా నిజం కాదు. మొదటి మూడు నెలల్లో గట్టిగా లాగేస్తుంది. అప్పుడు వాయిదా వేశామా, వడ్డీతో సహా తర్వాత ఎప్పుడో, ఏ హైవే మీదో వసూలు చేస్తుంది. టెక్నికల్ డెట్ అని మనం మీటింగుల్లో మాట్లాడుకునేదే. తేడా ఏంటంటే అక్కడ టికెట్ ఇంకొకడి మీద వేసి తప్పుకోవచ్చు, ఇక్కడ కుదరదు.

డబ్బు కాక సమయం ఇంకో ఖర్చు, అది ఏ బిల్లులోనూ కనబడదు. మాది అపార్ట్‌మెంటు, కారు చెట్టు కింద ఉంటుంది. టాపు మడతపడే చోట వాన నీళ్ళు పోయే చిన్న కాలువలుంటాయి. ఆకులు అడ్డుపడితే నీళ్ళు లోపలికొస్తాయి. తాళం, అలారం చూసుకునే ఎలక్ట్రానిక్ డబ్బా ఉన్నదేమో సీటు కింద, కార్పెట్లో, కారు మొత్తంలో నీళ్ళు చేరే పల్లం చోట! అది తడిస్తే కారు స్టార్టే కాదు. అందుకని నెలకోసారి ఆదివారం పొద్దున్నే సన్నటి తీగతో ఆ కాలువలు, ముందు బంపరు నోళ్ళలో రేడియేటర్ల దగ్గర చేరిన ఆకులు శుభ్రం చేస్తాను. ఐదు నిమిషాల పని, ఖర్చు సున్నా. చేయకపోతే వెయ్యి డాలర్ల పైన.

"ఇంత గొడవెందుకు, మధ్యలో ఇంజనే కావాలంటే టొయోటాది కొనుక్కోవచ్చుగా" అని ఒక మిత్రుడన్నాడు. నిజమే, 1999 నుంచి 2007 దాకా వచ్చిన ఎమ్ఆర్2 అచ్చంగా అలాంటిదే. అప్పటి కరోలాలో ఉన్న 1.8 లీటర్ల ఇంజన్నే తెచ్చి సీట్ల వెనక పెట్టారు. సామాన్లు చవక, ఏ మెకానికైనా చూస్తాడు. సామాను పెట్టుకోవడానికి చోటు లేదు గానీ, ఖర్చు గురించి భయమున్నవాళ్ళకి నేను అదే చెబుతాను. ఏ మాటకామాట, నాకు కావలసింది ఆ ఆరు సిలిండర్ల గొంతు. నాలుగు వేల ఆర్‌పీఎమ్ దాటాక వీపు వెనక నుంచి వచ్చే ఆ చప్పుడుకి స్ప్రెడ్‌షీట్లో గడి లేదు. ఉందని బుకాయించను కూడా.

అందుకని ఎవరన్నా ఈ దారిలో ఉంటే వేసుకోవాల్సిన ప్రశ్నలు నా లెక్కలో మూడు. ఎంత పడుతుంది అని కాదు, మొదటి మూడు నెలల పనులతో కలిపి ఎంత పడుతుంది? నమ్మొచ్చా అని కాదు, జరగగలిగే అతి పెద్ద నష్టం జరిగితే నేను నిలబడగలనా? మూడోది నాన్నది, లాగ్ ఉందా? మూడిటికీ జవాబు దొరికితే కొనుక్కోండి, హాయిగా నడుపుకోండి. మొదటి రెండిటికీ జవాబు ఉండి మూడోదానికి లేకపోతే, ఇంకో కారు దొరికేదాకా ఆగండి. రెండోదానికి జవాబు లేకపోతే మాత్రం కరోలానే మహాప్రసాదం.

అన్నట్టు, పాత ఓనరిచ్చిన ఫైలు ఇప్పుడు ఇంకాస్త లావెక్కింది. పోయిన నెల నాన్న వీడియో కాల్లో దాన్ని ఒక్కో పేజీ తిప్పించుకుని చూశాడు. కారుని చూపించమని మాత్రం అడగలేదు.